కొట్టుకునే సిక్లిడ్లకు డివైడర్ మేలా, జాలీ డబ్బా మేలా? చాలాకాలం వాడాక నా అభిప్రాయం

మాది నాలుగడుగుల చేపల ట్యాంకు. వెడల్పు, ఎత్తు అడుగున్నర చొప్పున, నిండా పోస్తే 250 లీటర్ల పైచిలుకు పడుతుంది. అందులో ఉన్నవన్నీ ఆఫ్రికాలోని మలావి సరస్సులో, రాళ్ల మధ్య బతికే ఎంబూనా రకం సిక్లిడ్ చేపలు. షాపుల్లో వీటి పిల్లల్ని కలగలిపి 'మిక్స్‌డ్ ఆఫ్రికన్' అని అమ్ముతారు. పిల్లలుగా ఉన్నంతకాలం కలిసే తిరుగుతాయి. మగవి ఈడుకొచ్చాక ఒక్కోటి ఒక్కో రాతి సందు పట్టుకుని కూర్చుంటుంది. ఇక ఆ దరిదాపుల్లోకి వేరే చేపను రానివ్వదు.

మా దాంట్లో పెత్తనమంతా ఆరటస్ అనే రకం మగదానిది. చిన్నప్పుడు పసుపు ఒంటి మీద నల్ల చారలుంటాయి. పెత్తనం చేతికొచ్చిన మగది నల్లబడిపోతుంది, చారలు లేత రంగుకి తిరుగుతాయి. ఆ రంగు మారడం మొదలైందంటే గొడవలు దగ్గర్లోనే ఉన్నట్టు. ఎదురొచ్చిన చేపకి అడ్డంగా తిరిగి, రెక్కలన్నీ విప్పి, ఒళ్లు వణికిస్తుంది. అవతలిది తప్పుకోకపోతే రెండూ నోళ్లు కరుచుకుని గుంజుకుంటాయి. చూడ్డానికి భయంగానే ఉంటుంది కానీ, సమఉజ్జీలైతే అది త్వరగానే తేలిపోతుంది. నాకు అసలు టెన్షన్ పెట్టేది హీటర్ వెనకాల, నీటి పైభాగంలో, రెక్కలు ఒంటికి అతికించుకుని కదలకుండా నిలబడ్డ చేప. తోక చివర్లు చీలి ఉంటాయి, మేత వేసినా కిందికి దిగదు. దాన్ని ఆ పూటే బయటికి తీయాలి, తెల్లారే దాకా ఆగకూడదు.

ఇలాంటప్పుడు అందరూ చెప్పేది డివైడర్, అంటే ట్యాంకును రెండుగా చేసే అడ్డు. నేను వాడింది ఆఫీసుల్లో ట్యూబ్‌లైట్ల కింద బిగించే గళ్ల ప్లాస్టిక్ షీటు. కొలతకి కోసి, సక్షన్ కప్పులతో నిలబెట్టాను. నీళ్లు రెండువైపులా బాగానే తిరుగుతాయి, దెబ్బలు ఆ రోజుతోనే ఆగిపోతాయి. షీటు అడుగు అద్దాన్ని ఆనుకుని ఉండాలి. ఇసుక మీద ఆనిస్తే ఇవి తవ్వుకుని అటువైపు దూరిపోతాయి. అయితే ఎన్ని వారాలు ఉంచినా స్వభావం మాత్రం మారదు. మగది తన సగాన్ని తనదిగానే ఉంచుకుంటుంది, అడ్డు తీసిన గంటలోపే మళ్లీ వెంటపడుతుంది. పైగా నాలుగడుగులు రెండడుగులైపోతే మిగతావి పారిపోవడానికి చోటుండదు. గాయాలు మానేదాకా వాడుకోవడానికి డివైడర్ మంచిదే, అంతకు మించి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

నాకు నిజంగా పనికొచ్చింది పిల్లలు పెట్టే చేపల కోసం అమ్మే, ట్యాంకులోనే పెట్టే జాలీ డబ్బా. చాలామంది దెబ్బలు తిన్నదాన్ని అందులో వేస్తారు. నేను కొట్టేదాన్ని వేస్తాను. వారం, పది రోజులు అది డబ్బాలో ఉండేలోపు మిగతావి సందులన్నీ పంచేసుకుంటాయి. వదిలే రోజు రాళ్ల అమరిక మొత్తం మార్చి, లైటు ఆర్పి వదలాలి. అప్పుడు దానికి ట్యాంకు కొత్త ఊరిలా ఉంటుంది, పాత హద్దు ఏదీ కనబడదు. డబ్బాకి మూత తప్పనిసరి, ఇవి ఎగురుతాయి. ఆడవి మూడు వారాల పాటు నోట్లోనే గుడ్లు, పిల్లలు మోస్తాయి కదా, పిల్లల్ని వదిలాక నీరసించిన తల్లికి రెండు రోజులు తిండి పెట్టి కోలుకోనివ్వడానికి కూడా ఇదే డబ్బా వాడతాను.

వీటితో పాటు అమరిక కూడా సరిగా ఉండాలి. రాళ్లను ముందు అడుగున పేర్చి, తర్వాతే ఇసుక పోయాలి. లేకపోతే అవి తవ్వుతుంటే గుట్ట కూలుతుంది. ఒక సందులోంచి ఇంకో సందు కనబడకుండా చూసుకోండి. ఒక్కో రకంలో ఒక మగదానికి మూడు, నాలుగు ఆడవి ఉండాలి. చేపలు కాస్త ఎక్కువగానే ఉంటే కోపం ఒక్కదాని మీదే పడకుండా చెదురుతుంది, కాకపోతే ఫిల్టర్ గట్టిదై ఉండాలి, వారం వారం మూడోవంతు నీళ్లు మార్చాలి. డెమాసోనీ అనే రకమైతే నాలుగైదు తెచ్చుకోవద్దు, ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పెంచితే డజనుకు పైగా పెంచండి.

ఇన్ని చేసినా ఆరటస్ కొన్ని నెలలే లొంగింది. మళ్లీ మళ్లీ డబ్బాలో పెట్టడం దానికీ హింసే అనిపించి, ఆరడుగుల ట్యాంకున్న స్నేహితుడికి ఇచ్చేశాను. పసుపు రంగు ల్యాబిడోక్రోమిస్ చేపలు ఇప్పుడు రాళ్ల ముందుకొచ్చి మేత తింటున్నాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు జాలీ డబ్బా కొనండి, డివైడర్ అవసరం పడ్డప్పుడు చూసుకోవచ్చు. నాలుగడుగుల ట్యాంకైతే ఆరటస్ పిల్లల్ని మాత్రం తెచ్చుకోవద్దు.