ఒక్క కేబులు, రెండు మానిటర్లు, మధ్యలో ఇన్వర్టర్

ల్యాప్‌టాప్‌కు ఒక్క కేబులుతో మానిటర్లు, కీబోర్డు అన్నీ కలిపే పెట్టెను డాక్ అంటారు. నా డాక్ కొన్న కొత్తలో ఎవరు అడిగినా ఆలోచించకుండా కొనేయమని చెప్పేదాన్ని. ఇప్పుడు అలా చెప్పడం లేదు. ముందు ఇంట్లో కరెంటు ఎలా ఉంటుందో అడుగుతాను, తర్వాత ల్యాప్‌టాప్ ఏదో అడుగుతాను, ఆ రెండూ తెలిశాకే డాక్ మాట ఎత్తుతాను. కంపెనీ పేరు కూడా రాయడం లేదు. నాకు ఎదురైన సమస్య ఆ కంపెనీ ఒక్కదానిదే కాదు, సొంత అడాప్టరుతో నడిచే ఏ డాక్‌కైనా రావచ్చు.

హన్మకొండలో, వడ్డేపల్లి వైపు ఇంట్లో కూర్చుని స్ట్రక్చరల్ డ్రాయింగులు గీయడం నా పని. 27 అంగుళాల మానిటర్ మీద ఫ్లోర్ ప్లాను ఉంటుంది. నిలువుగా తిప్పి బిగించిన 24 అంగుళాల మానిటర్ మీద కాలమ్ షెడ్యూలు ఉంటుంది. మెయిళ్లు, వాట్సాప్ ల్యాప్‌టాప్ తెర మీదే చూసుకుంటాను. ఆ నిలువు తెర విలువ ఈ పని చేసేవాళ్లకే తెలుస్తుంది. పునాది నుంచి టెర్రస్ దాకా ఏ అంతస్తులో ఎన్ని కడ్డీలు, ఎంత లావు, రింగుల మధ్య ఎంత దూరం అన్నది ఒకే చూపులో కనిపిస్తుంది. ఒకే తెర ఉన్న రోజుల్లో ప్లాను మూసి షెడ్యూలు తెరిచి, మళ్లీ ప్లానుకు వచ్చేసరికి ఏ కాలమ్ దగ్గర ఆగానో వెతుక్కోవలసి వచ్చేది.

ఇదంతా ఒక్క కేబులు మీద నడుస్తుంది. రెండు మానిటర్లు, ఇంటర్నెట్ తీగ, కీబోర్డు, బయటి హార్డ్ డిస్కు, ల్యాప్‌టాప్ ఛార్జింగ్ అన్నీ అందులోనే. కాజీపేటలో సైట్ చూడాలని ఫోను వస్తే ఆ ఒక్కటి లాగేసి ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బయలుదేరతాను, తిరిగొచ్చి గుచ్చితే ఎక్కడి విండోలు అక్కడికి వచ్చి కూర్చుంటాయి. విండోస్ 11లో డిస్‌ప్లే సెట్టింగుల్లో, మానిటర్ల కనెక్షన్‌ను బట్టి విండోల స్థానాలు గుర్తుంచుకునే గడి ఒకటి ఉంది. అది టిక్ చేసి ఉండాలి. ఈ సౌకర్యం మీద నాకున్న ఇష్టం ఇప్పటికీ తగ్గలేదు.

ఇబ్బంది మొదటి ఎండాకాలంలో మొదలైంది. పని మధ్యలో ఉన్నట్టుండి రెండు మానిటర్లూ నల్లబడేవి. ఒకటి రెండు క్షణాలకు సిగ్నల్ లేదని చూపించేవి, ఆపైన ఒకదాని తర్వాత ఒకటి మళ్లీ వెలిగేవి. ఈలోపు తెరిచిన విండోలన్నీ ల్యాప్‌టాప్ తెర మీదికి వచ్చి గుట్టపడేవి. కొన్ని తిరిగి తమ చోటికి వెళ్లేవి, డ్రాయింగు విండో మాత్రం చాలాసార్లు సగం సైజుకు ముడుచుకుని ఉండేది. ఒకసారి బయటి డిస్కులోకి ఫైలు సేవ్ అవుతుండగా ఇదే జరిగింది. ఆ డ్రాయింగు మళ్లీ తెరుచుకోలేదు. పక్కనే ఉండే బ్యాకప్ ఫైలు పేరు మార్చి తెరిస్తే పోయిన సేవ్‌కు ముందటి పని దొరికింది. ఆ మధ్యాహ్నం నుంచి గీసిన బీము వివరాలన్నీ మళ్లీ గీయవలసి వచ్చింది.

చౌరస్తాలో డాక్ కొన్న దుకాణంలో కేబులు మార్చమన్నారు, మార్చాను. తర్వాత వారంటీ కింద డాక్‌నే మార్చి ఇచ్చారు. కొత్తదీ అదే పని చేసింది. డ్రైవర్లు, ఫర్మ్‌వేర్ అన్నీ తాజాగా ఉన్నాయి. ఇంటర్నెట్‌లో చదివిన సమీక్షల్లో ఈ సమస్య ఊసే లేదు.

కారణం కంటికి కాకుండా చెవికి దొరికింది. సాయంత్రం ఈదురుగాలి మొదలై కరెంటు పోతూ వస్తూ ఉంది. మెట్ల కింద ఇన్వర్టర్ 'టక్'మని కొట్టుకోవడం, బల్ల మీద డాక్ చిన్న దీపం ఆరి వెలగడం వెంటవెంటనే జరిగాయి. మళ్లీ టక్, మళ్లీ దీపం. ఫ్యాను వేగం తగ్గలేదు, లైటు రెప్ప వేసినట్టు కూడా అనిపించలేదు. మానిటర్ల కరెంటు దీపాలు కూడా ఆరలేదు. కరెంటు నుంచి ఇన్వర్టర్ బ్యాటరీకి మారే ఆ సన్నని సందులో పడిపోతున్నది డాక్ ఒక్కటే. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కాబట్టి దానికి ఏమీ తెలియదు. డాక్‌కు బ్యాటరీ లేదు. దాని అడాప్టరు లోపల కెపాసిటర్లలో నిలవ ఉన్న కరెంటు ఎంతసేపు వస్తే అంతసేపే అది నిలబడుతుంది.

ఇంకో సంగతి కూడా గమనించాను. ల్యాప్‌టాప్ ఛార్జింగ్ నిండి ఉన్నప్పుడు అదే కరెంటు కోతకు డాక్ చాలాసార్లు తట్టుకునేది. బ్యాటరీ సగానికి దిగి, డాక్ దాన్ని జోరుగా ఛార్జ్ చేస్తున్నప్పుడు మాత్రం తప్పకుండా పడిపోయేది. అడాప్టరు మీద బరువు పెరిగేకొద్దీ ఆ నిలవ కరెంటు త్వరగా అయిపోతుంది. మబ్బు పడుతున్నట్టు కనిపిస్తే ముందే ఛార్జింగ్ నింపి పెట్టుకోవడం అప్పటి నుంచి అలవాటైంది.

ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు పోయడానికి వచ్చిన మెకానిక్‌కు చెబితే, "వెనక స్విచ్ నార్మల్‌లో ఉంది మేడమ్, యూపీఎస్‌లో పెట్టి చూడండి" అన్నారు. చాలా ఇన్వర్టర్లకు ఆ స్విచ్ ఉంటుందట. నార్మల్‌లో ఉంటే కరెంటు నుంచి బ్యాటరీకి మారడం కాస్త నెమ్మది, యూపీఎస్‌లో పెడితే చాలా వేగం. మార్చిన రోజు నుంచి డాక్ దీపం ఆరలేదు. పైసా ఖర్చు లేకుండా తీరిపోయిందని ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

ఆ సంబరం ఏప్రిల్ దాకానే. యూపీఎస్‌లో ఉన్న ఇన్వర్టర్ తక్కువ వోల్టేజీని ఒప్పుకోదు. వోల్టేజీ దాదాపు 180 కిందికి జారితే, కరెంటు ఉన్నా లేనట్టే లెక్కగట్టి బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. నార్మల్‌లో అయితే 100 చిల్లర దాకా సర్దుకుంటుంది. మా వీధిలో ఎండాకాలం మధ్యాహ్నాలు ఏసీలన్నీ ఒకేసారి నడుస్తాయి, వోల్టేజీ పడిపోతుంది. ఇన్వర్టర్ గంటల తరబడి బ్యాటరీ మీదే ఉండేది. సాయంత్రం నిజంగా కరెంటు పోయేసరికి బ్యాటరీ ఖాళీ. అమ్మ గదిలో ఫ్యాను ఆగిపోయిన రాత్రే స్విచ్ మళ్లీ నార్మల్‌కు తిప్పేశాను.

చివరికి డాక్‌కూ రెండు మానిటర్లకూ కలిపి 600 వీఏ సామర్థ్యం ఉన్న చిన్న యూపీఎస్, అంటే కంప్యూటర్లకు పెట్టే బ్యాటరీ పెట్టె, విడిగా కొన్నాను. ఈ మూడింటికీ అది సరిపోతుంది, ప్రింటరు మాత్రం దాని మీద పెట్టలేదు. మాది సైన్ వేవ్ ఇన్వర్టర్, అంటే మామూలు కరెంటులాంటి నునుపైన కరెంటు ఇచ్చే రకం కాబట్టి ఇది కుదిరింది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ వెనక చిన్న యూపీఎస్ పెడితే అది ఆ కరెంటును ఒప్పుకోక పేచీ పెట్టవచ్చు. కొనే ముందే అడిగి తెలుసుకోండి. డాక్‌కు రూ. 13 వేల పైచిలుకు పెట్టాను. యూపీఎస్ ధర కూడా కలిపితేనే నా దృష్టిలో అది డాక్ అసలు ధర.

ఇక ల్యాప్‌టాప్ సంగతి. పెట్టె మీద రెండు 4కే మానిటర్లని రాసి ఉంటుంది, దాన్ని నమ్ముకోవద్దు. నా డాక్ కేబుల్లోని నాలుగు దారుల్లో రెండింటిని యూఎస్‌బీకి వదిలి, రెండింటితోనే బొమ్మ పంపుతుంది. అప్పటి నా పాత ల్యాప్‌టాప్‌లో మానిటర్‌కు బొమ్మ పంపే పద్ధతి డిస్‌ప్లేపోర్ట్ 1.2 వరకే కాబట్టి అందులో పట్టేది సెకనుకు 8.6 గిగాబిట్లు. నా పెద్ద తెర రిజల్యూషన్ 1440, చిన్నదానిది 1080. రెండూ 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారేలా నడవాలంటే 9 గిగాబిట్లు దాటుతుంది. ఆ కాస్త తేడాకే పెద్ద తెర 30కి పడిపోయి, మౌస్ చేతి వెనక ఈడ్చుకుంటూ వచ్చేది. డిస్‌ప్లేపోర్ట్ 1.4 ఉన్న ల్యాప్‌టాప్‌కు మారాక అదే డాక్, అదే కేబులుతో ఆ బాధ లేదు.

మ్యాక్‌బుక్ వాడేవాళ్లకు మాత్రం ఈ రకం డాక్ వద్దనే చెబుతాను. బతుకమ్మకు వచ్చిన చెల్లెలు తన ఆఫీసు మ్యాక్‌బుక్ దీనికి తగిలిస్తే రెండు మానిటర్ల మీదా ఒకే బొమ్మ వచ్చింది. "అక్కా, నీ డాక్ పాడైనట్టుంది" అంది. పాడవలేదు. ఒకే తీగలో రెండు వేర్వేరు తెరల బొమ్మలు పంపే ఎమ్ఎస్‌టీ పద్ధతితో తెరలను విస్తరించడానికి మ్యాక్ ఓఎస్ ఒప్పుకోదు. డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న డాక్ అయితే సాఫ్ట్‌వేర్ సాయంతో ఆ పని చేస్తుంది. కానీ ఆ సాఫ్ట్‌వేర్‌కు మ్యాక్‌లో స్క్రీన్ రికార్డింగ్ అనుమతి ఇవ్వాలి, ఆఫీసు యంత్రంలో అది చెల్లెలి చేతిలో లేదు. ఇంకా వేగమైన థండర్‌బోల్ట్ కనెక్షన్ మీద నడిచే డాక్ ఇంకో దారి. అయితే దాని ధర చాలా ఎక్కువ, పైగా ఎన్ని మానిటర్లు వస్తాయన్నది మ్యాక్‌లోని చిప్‌ను బట్టి ఉంటుంది.

రోజంతా డ్రాయింగుల ముందు కూర్చుని, మధ్యమధ్యలో సైట్లకు పరుగెత్తే నాలాంటివాళ్లకు, విండోస్ ల్యాప్‌టాప్ కాస్త కొత్తదైతే, ఇది కొనదగ్గదే. జనరేటర్ ఉన్న అపార్ట్‌మెంట్లలో కూడా కరెంటు మారేటప్పుడు కొద్ది విరామం ఉంటుంది కాబట్టి యూపీఎస్ మాట మరవద్దు. ఆఫీసులో అందరికీ కలిపి పెద్ద యూపీఎస్ ఉంటే నేను చెప్పిన కథలో సగం మీకు ఎప్పటికీ ఎదురుకాదు. ల్యాప్‌టాప్‌ను బల్ల మీంచి కదపనివాళ్లు మాత్రం హెచ్‌డీఎమ్ఐకి ఒక మానిటర్, టైప్-సీకి ఒక మానిటర్ నేరుగా తగిలించుకుంటే చాలు. రెండు తీగలు ఎక్కువైతే అవుతాయి గానీ కరెంటు మారినప్పుడు మధ్యలో పడిపోయే పెట్టె ఉండదు.