రెటీనాకు ఆకుకూరలా, మాత్రలా?

కంటి వెనుక కాంతిని గ్రహించే పొర రెటీనా బరువులో చిన్నదే, ఆక్సిజన్ వాడకంలో మాత్రం మెదడుతో పోటీపడుతుంది. చీకట్లోనే దాని శక్తి ఖర్చు ఎక్కువ: కాంతిని గ్రహించే కణాల్లోకి చేరే సోడియంను పంపులు ఏటీపీ (కణాలకు శక్తినిచ్చే అణువు) ఖర్చుచేసి ఆగకుండా బయటికి తోడాలి. అంత ఆక్సిజన్ వాడే చోట ఆక్సీకరణ నష్టం తప్పదు. దాన్ని అడ్డుకునే పసుపు వర్ణకాలు ల్యూటిన్, జియాజాంథిన్‌లను శరీరం సొంతంగా తయారుచేసుకోలేదు; ఆకుకూరల నుంచో మాత్రల నుంచో అందాలి.

ఖర్చు: తోటకూర, పాలకూర రోజువారీ వంటలో కలిసిపోతాయి. మాత్రలు నెలనెలా కొనాలి.

శ్రమ: మాత్ర సులువు. ఆకుకూరకు కాస్త నూనె తగిలితేనే ల్యూటిన్ బాగా ఒంటబడుతుంది.

ప్రమాదం: అసలు చూడవలసింది ఇదే. బీటా కెరోటిన్ మాత్రలు పొగతాగేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పును పెంచాయి. 2013లో వెలువడిన ఆరెడ్స్2 (కంటి మాత్రలపై అమెరికాలో జరిగిన పెద్ద పరీక్ష) ఫలితాల తర్వాత కంటి మాత్రల్లో బీటా కెరోటిన్ స్థానంలో 10 మిల్లీగ్రాముల ల్యూటిన్, 2 మిల్లీగ్రాముల జియాజాంథిన్ వచ్చాయి. ఈ మాత్రల్లోని ఎక్కువ జింక్ వల్ల ఒంట్లో రాగి తగ్గుతుంది కాబట్టి రాగినీ కలుపుతారు. ఆకుకూరల్లో ఈ చిక్కులు లేవు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడేవారు మాత్రం డాక్టరును అడగాలి.

కన్ను ఆరోగ్యంగా ఉంటే ఆకుకూరే; మాత్రలు వ్యాధిని రాకుండా ఆపుతాయని తేలలేదు. వయసుతో వచ్చే మాక్యులా (రెటీనా మధ్యభాగం) క్షీణత మధ్యస్థ దశకు చేరితే మాత్రలే మేలు, తీవ్ర దశకు జారే ముప్పు ఐదేళ్లలో సుమారు 25 శాతం తగ్గింది. అప్పుడూ ఆకుకూర మానకూడదు.