చెన్నై స్టేడియాల వ్యాను యాత్ర: ఎగ్మోర్ కోసం వెళ్లవచ్చు

జూనియర్ పురుషుల హాకీ ప్రపంచ కప్పు 2025 నవంబరు 28న చెన్నై, మదురైలలో మొదలైంది. ఆసారి మొట్టమొదటిసారిగా 24 జట్లు. దానికి ముందటి సందడి చూసి ఇక్కడి ప్రైవేటు సంస్థ ఒకటి, ముస్తాబవుతున్న స్టేడియాలను చూపిస్తామంటూ ఒక్క రోజు వ్యాను యాత్ర మొదలుపెట్టింది. తలకు 1,200 రూపాయలు. తెలుగులో చెప్పే గైడు, మధ్యాహ్న భోజనం అందులోనే. నేను నెల్లూరు జిల్లాలో డ్రిల్లు టీచరుగా పనిచేసి, ఇప్పుడు కొళత్తూరులో కొడుకు దగ్గర ఉంటున్నాను. మ్యాచి రోజున జనంలో తోసుకుంటూ వెళ్లే ఓపిక లేదు గానీ, ఖాళీ మైదానం చూపిస్తామంటే కాదనను. ఆ అక్టోబరులో ఒక ముసురు శనివారం బయల్దేరాను.

గైడు తిరుత్తణి కుర్రవాడు. తెలుగు బాగా మాట్లాడతాడు, మర్యాద తెలిసినవాడు. అతని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ఫిర్యాదంతా చెప్పవలసిన మాటలు రాసిన కాగితం అతని చేతికి ఇచ్చి పంపినవాళ్ల మీదే.

మొదట పెరియమేట్‌లోని నెహ్రూ స్టేడియం. 1993లో కట్టారు, ఫుట్‌బాల్ ఆడతారు, ఫొటోలు తీసుకోండి అన్నాడు. అంతే! ఇప్పటి కట్టడానికి ముందు అక్కడ ఉన్న కార్పొరేషన్ స్టేడియంలోనే 1956 జనవరిలో న్యూజిలాండ్ మీద క్రికెట్ టెస్టులో వినూ మన్కడ్, పంకజ్ రాయ్ మొదటి వికెట్‌కు 413 పరుగులు చేశారు. ఆ రికార్డు 2008 దాకా చెక్కుచెదరలేదు. పక్కనున్న ఇండోర్ స్టేడియాన్ని వ్యాను కిటికీలోంచే చూపించి ముందుకు పోనిచ్చారు. 2022 జులై 28న చదరంగం ఒలింపియాడ్ ప్రారంభోత్సవం జరిగింది అందులోనే. ఆటలు మామల్లపురంలో జరిగాయి. మన గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక తొమ్మిదో నెల గర్భంతో ఆడింది. కోనేరు హంపి కూడా ఉన్న ఆ మహిళల జట్టు కాంస్యం గెలిచింది. ఇది నేను చెబితే వెనక సీట్లలోని వాళ్లు సెల్‌ఫోన్లు పక్కన పెట్టి ముందుకు వంగారు. తెలుగువాళ్ల కోసమని ప్రచారం చేసుకునే యాత్రలో ఈ మాట ప్రయాణికురాలు చెప్పవలసి రావడం ఏమిటి?

తర్వాత చేపాక్ క్రికెట్ స్టేడియం. లోపలికి అనుమతి తీసుకునే పని నిర్వాహకులు పెట్టుకోలేదు. వాలాజా రోడ్డు వైపు గేటు దగ్గర చినుకుల్లో నిలబెట్టి దాదాపు ముప్పావు గంట గడిపారు. 1986 టై టెస్టు కథను గైడు నిజంగానే రక్తి కట్టించాడు. వాంతులు చేసుకుంటూనే 210 కొట్టిన ఆస్ట్రేలియా ఆటగాడు డీన్ జోన్స్‌ను చివరికి ఆసుపత్రికి తీసుకెళ్లిన ఘట్టం దగ్గర ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నారు. కానీ గోడ బయట నిలబడి వినే కథకు వ్యాను ఎందుకు? ఇంట్లో కూర్చుని వినవచ్చు.

ఇక ఎగ్మోర్. మేయర్ రాధాకృష్ణన్ హాకీ స్టేడియం. ఇక్కడ మాత్రం అనుమతి తీసుకున్నారు. గీత దాటకుండా అంచున నిలబడి చూడనిచ్చారు. 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు. పుస్తకంలో చదివి పిల్లలకు వల్లె వేయించిన కొలతలే అయినా, ఎదురుగా చూస్తే ఇంత పెద్దదా అనిపిస్తుంది. 2023లో ఆసియా చాంపియన్స్ ట్రోఫీ కోసం పారిస్ ఒలింపిక్స్ రకం టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి నేల, వేశారు. మేము వెళ్లేసరికి ఒకవైపు కుర్చీలు తుడుస్తున్నారు, మరోవైపు రంగులు పూస్తున్నారు. ఇంతలో అంచుల నుంచి నీళ్లు ఒక్కసారిగా చిమ్మాయి. వాన పడుతుంటే మళ్లీ నీళ్లెందుకని వ్యానులో ఒకావిడ నవ్వింది. నవ్వవలసిన పని కాదది. చినుకులు ఒకచోట పడతాయి, ఒకచోట పడవు. టర్ఫ్ అంతటా తడి ఒకేలా ఉంటేనే బంతి ఒకే వేగంతో జారుతుంది, కిందపడి జారిన ఆటగాడి మోకాలి చర్మం లేవకుండా ఉంటుంది. ఆ తడి నేల మీద బంతి పోతుంటే పెనం మీద నీటిబొట్టు పరుగెత్తినట్టే ఉంది. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కృత్రిమ నేల మీద హాకీ ఆడించారు, మనవాళ్లు ఏడో స్థానానికి పడిపోయారు. గులకరాళ్ల గ్రౌండులో నేర్చుకున్న పిల్లలు ఇలాంటి నేల మీద ఎలా తడబడతారో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ మైదానానికి చరిత్ర తక్కువేమీ కాదు. 2007 ఆసియా కప్పు ఫైనల్లో మనవాళ్లు కొరియాను 7-2తో ఓడించింది ఇక్కడే. 2023 చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో సగం ఆటకు 1-3తో వెనకబడి, చివరికి మలేషియా మీద 4-3తో గెలిచిందీ ఇక్కడే. మనవాళ్ల మూడో గోలు ఏ వైపు పడిందని గైడును అడిగాను. "అది నా కాగితంలో లేదమ్మా" అన్నాడు. కనుక్కుని పెట్టుకో బాబూ, వచ్చేవాళ్లు అడుగుతారు అన్నాను. ఇరవై నిమిషాలు కాకముందే వ్యాను హారన్ మోగింది.

భోజనం పొట్లాలు రెండున్నరకు వచ్చాయి. పులిహోర చల్లారిపోయింది, వడ మాత్రం బాగుంది.

నుంగంబాక్కం టెన్నిస్ స్టేడియంలో ఆ నెలాఖరున మహిళల టోర్నీ జరగాల్సి ఉంది. ఏర్పాట్లు జరుగుతుంటే దూరం నుంచే చూశాం. కరపత్రంలో ఉన్న వేళచ్చేరి ఈతకొలనుకు వెళ్లనే లేదు. ట్రాఫిక్ అన్నారు, డబ్బు తిరిగివ్వలేదు. ఈ కోత నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించింది. ఎందుకంటే, 1995 డిసెంబరులో ఈ ఊళ్లో దక్షిణాసియా క్రీడలు జరిగాయి. నెహ్రూ స్టేడియం వాటికి వేదిక. వేళచ్చేరి కొలను, నుంగంబాక్కం కోర్టులు కట్టింది ఆ ఏడాదే. ముప్ఫై ఏళ్ల కిందటి ఆ తయారీనే నగరం నేటికీ వాడుకుంటోంది. యాత్రకు ఇంతకన్నా మంచి కథ ఎక్కడ దొరుకుతుంది? గైడు చేతిలోని కాగితంలో 1995 అన్న అంకె ఒక్కచోట కూడా లేదు.

ఐదుకు రెండున్నర ఇస్తాను, అందులో రెండు ఎగ్మోర్‌కే. చేపాక్ తీసేసి ఆ సమయం ఎగ్మోర్‌కు, వేళచ్చేరికి ఇమ్మని నిర్వాహకుడికి ఫోను చేసి చెప్పాను. "చేపాక్ లేదంటే ఎవరూ టిక్కెట్టు కొనరమ్మా" అన్నాడు. అయితే లోపలికి తీసుకెళ్లే అనుమతైనా తెచ్చుకోవాలి. అంతవరకు ఈ యాత్రకు వెళ్లేవాళ్లు గొడుగు పట్టుకెళ్లండి, వ్యానులో కుడివైపు కూర్చోండి. ఎడమవైపు ఏసీ గాలి రాలేదు.