పవర్ స్టీరింగ్ పంపు పోతే ఇంట్లో మార్చుకోవాలా, షెడ్డులో పెట్టాలా?

బండికి రోగాలన్నీ బత్తాయి కోతలోనే వస్తాయి. తోటలో కాయ కుప్పపోసి, రాత్రికి బాటసింగారం మార్కెట్‌కు లోడు ఎత్తాలనుకున్న రోజునే ఏదో ఒకటి పోతుంది. పోయినేడు మాకూ అంతే అయింది. నల్లగొండ దాటి నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కే మలుపులో పికప్ స్టీరింగ్ బండరాయిలా బిగుసుకుంది. పక్కన కూర్చున్న మా బామ్మర్ది కూడా చెయ్యి వేసి లాగితే గానీ మలుపు తిరగలేదు. నిజం చెప్పాలంటే అంతకు రెండు నెలల ముందు నుంచే తిప్పినప్పుడల్లా గుయ్యిమని మూలుగుతోంది. ఆయిల్ తగ్గినప్పుడల్లా డబ్బాలో కాస్త పోసి మూత పెట్టి రోజులు నెట్టింది నేనే. తప్పు బండిది కాదు.

ఆ పంపును చివరికి ఇంటి ముందు వేపచెట్టు కింద నేనే మార్చాను. బామ్మర్ది తన బండికి అంతకు ముందే షెడ్డులో, అదీ వాడిన పంపు వేయించుకున్నాడు. అప్పటి నుంచి ఊళ్లో పికప్ ఉన్న ప్రతివాడూ అడుగుతాడు, "అన్నా, ఇంట్లోనే మార్చుకున్నవంట గదా, మేమూ మార్చుకోవచ్చా?" అని. మార్చుకోవచ్చు. కానీ ముందు తేలాల్సింది ఎవరు మార్చాలన్నది కాదు, పోయింది పంపేనా అన్నది.

ఇది ఆయిల్ పంపు ఉన్న హైడ్రాలిక్ స్టీరింగ్ సంగతి. మా వైపు ఎక్కువగా తిరిగే బొలెరో పికప్‌లకు ఉండేది ఇదే. ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఉన్న బండికి ఈ పంపే ఉండదు, దాని కథ వేరు.

పంపును అనుమానించేలోపే ముందు టైర్లలో గాలి చూడండి. నవ్వొద్దు, గాలి తగ్గిన టైరు స్టీరింగును బాగా బరువు చేస్తుంది. తర్వాత బెల్టు. తిప్పగానే కీచుమని అరిస్తే అది బెల్టు జారుతున్న చప్పుడు. పంపు అలా అరవదు, మూలుగుతుంది, ఎక్సలేటర్ తొక్కితే ఆ మూలుగు కూడా పెరుగుతుంది. ఆ తర్వాత ముందు చక్రాలు రెండూ నేల నుంచి లేపి, ఇంజిన్ ఆపేసి స్టీరింగ్ తిప్పి చూడండి. చక్రాలు గాల్లో ఉన్నా గట్టిగానే ఉంటే రోగం పంపులో లేదు, స్టీరింగ్ బాక్సులోనో జాయింట్లలోనో ఉంది. అప్పుడు కొత్త పంపు వేసినా డబ్బు దండగే. ఈ ఒక్క పరీక్ష చేయకుండా పంపు కొనుక్కొచ్చి, బిగించి, మళ్లీ అదే బరువుతో బండి తోలుతున్నవాళ్లు నాకు తెలుసు.

ఇంకొకటి ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. డబ్బా నుంచి పంపుకు ఆయిల్ వచ్చే రబ్బరు పైపు దగ్గర క్లిప్పు వదులైతే ఆయిల్ బయటికి కారకపోవచ్చు, కానీ పంపు పీల్చేటప్పుడు గాలి లోపలికి పోతుంది. ఆయిల్ నురుగు కడుతుంది, పంపు మూలుగుతుంది. క్లిప్పు, జానెడు పైపు మారిస్తే సరిపోయే చోట పంపునే మార్చేస్తుంటారు. డబ్బా మూత తీసి చూస్తే ఆయిల్ సబ్బునీళ్లలా ఉందంటే ముందు ఈ పైపు చూడాలి.

ఇవన్నీ అయ్యాక కూడా పంపే అని తేలితే మూడు దారులు. సీల్ కిట్ వేయడం, పాత సామాన్ల దుకాణంలో వాడిన పంపు తేవడం, కొత్తది కొనడం.

సీల్ కిట్ వందల్లో అయిపోతుంది. దుకాణాన్ని బట్టి, కంపెనీని బట్టి కొత్త పంపు వేలల్లో ఉంటుంది. అందుకే అందరి మనసూ ముందు కిట్ మీదికే పోతుంది. పంపు షాఫ్టు దగ్గర ఆయిల్ కారడం తప్ప చప్పుడు లేదంటే కిట్ మంచి బేరం. చప్పుడు మొదలయ్యాక మాత్రం కిట్ దానికి మందు కాదు. నేనూ ముందు కిట్ తెచ్చినవాడినే. పంపు విప్పాక నిజం కనబడింది. లోపల ఒక రోటర్, దాని గాళ్లలో పలచటి రేకులు, చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో ఒక రింగు ఉంటాయి. రోటర్ తిరిగేకొద్దీ రేకులు బయటికి జరిగి రింగు గోడను రాసుకుంటూ ఆయిల్‌ను ఒకవైపు పీల్చి ఇంకోవైపు నెడతాయి. ఆ గోడ అద్దంలా నున్నగా ఉండాలి. మాది గోటితో రాస్తే గరగరలాడింది, దువ్వెన పళ్ల మీద వేలు పోనిచ్చినట్టు. ఆయిల్ తక్కువై నెలల తరబడి ఆరిన గొంతుతో తిరిగితే ఇంకేమవుతుంది? రబ్బరు సీళ్లు మారిస్తే అరిగిన ఇనుము తిరిగి రాదు. కిట్ అలాగే మూట కట్టి అటక మీద పెట్టాను.

వాడిన పంపు సంగతి బామ్మర్దిని అడగాలి. హైదరాబాద్ నుంచి తెచ్చాడు, కొత్తదానిలో మూడో వంతు ధరకు. దుకాణంలో చేత్తో తిప్పి చూశాడు, మెత్తగా తిరిగింది, షాఫ్టు అటూ ఇటూ ఊగలేదు, లోపలి ఆయిల్‌లో మెరుపుపొడి లేదు. చూడాల్సినవన్నీ చూశాడు. కానీ చేత్తో తిప్పితే మంచి పంపూ తిరుగుతుంది, అరిగిన పంపూ తిరుగుతుంది. ప్రెషర్ ఎంత ఇస్తుందో బండికి బిగించాకే తెలుస్తుంది. ఖాళీ బండికి అది బాగానే పనిచేసింది. టన్ను పైన కాయ ఎక్కి, తోట గేటు దగ్గర రివర్సు తీసేటప్పుడు మళ్లీ పాత కథే. అమ్మేయబోయే బండికో, ఊరి పొలాల మధ్యే తిరిగే బండికో అయితే సరే. రాత్రిపూట హైవే ఎక్కే బండికి నేను వద్దనే అంటాను.

కొత్తదానిలోనూ ఒక మెలిక ఉంది. పాత పంపును చేతిలో పట్టుకునే దుకాణానికి వెళ్లండి. ఒకే పేరున్న బండికి కూడా ఏడాదిని బట్టి, ఇంజిన్‌ను బట్టి పంపు మారుతుంది. పైపు బిగించే రంధ్రం ఏ వైపు ఉంది, షాఫ్టు లావు ఎంత, బోల్టు రంధ్రాలు కలుస్తున్నాయా అని రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే మళ్లీ బస్సెక్కే పని ఉండదు.

ఇక ఇల్లా, షెడ్డా అన్నది. పంపు విప్పడం నిజానికి పెద్ద పని కాదు. బ్యాటరీ నెగెటివ్ తీగ తీయడం, బెల్టు వదులు చేయడం, కింద బేసిన్ పెట్టి రెండు పైపులు విప్పడం, మూడు నాలుగు బోల్టులు తీయడం, అంతే. రింగు పానాలు, సాకెట్ సెట్టు ఉన్నవాడికి గంటన్నర పని. ప్రెషర్ పైపు, అంటే పంపు నుంచి స్టీరింగ్ బాక్సుకు ఆయిల్ నెట్టే పైపు, దాని నట్టుకు సరైన సైజు పానాయే వాడాలి. స్క్రూ పానాతో కుస్తీ పడితే నట్టు మూలలు అరిగి గుండ్రమైపోతుంది, అప్పుడు పంపు కన్నా పైపు ఖర్చు భయపెడుతుంది. ఆ జాయింటులో ఉండే వాషర్లు, రింగులు మళ్లీ పాతవే వేయొద్దు.

చక్రాలు లేపాల్సి వస్తే జాకీ ఒక్కదాన్ని నమ్మి కింద దూరొద్దు. స్టాండ్లు పెట్టండి. ఇటుకలు స్టాండ్లు కావు, బరువు పడితే పగులుతాయి.

ఇంట్లో పని ఆగిపోయేది పుల్లీ దగ్గర, అంటే బెల్టు తిరిగే చక్రం దగ్గర. కొన్ని పంపులకు పుల్లీ నట్టుతోనో బోల్టులతోనో ఉంటుంది, విప్పి కొత్తదానికి వేసుకోవడమే. కొన్నింటికి షాఫ్టు మీద బిగువుగా నొక్కి ఎక్కించి ఉంటుంది. దానికి పుల్లర్ కావాలి, పుల్లీని పట్టి లాగే పనిముట్టు. సుత్తితో కొట్టి ఎక్కిస్తే ఆ దెబ్బ షాఫ్టు గుండా లోపలి రోటర్‌కు తగులుతుంది, కొత్త పంపు పెట్టెలోంచి తీసిన రోజే దెబ్బతింటుంది. నేను ఇక్కడ పంతానికి పోలేదు. పాత పంపు మీద పుల్లీ ఎంత లోతున కూర్చుందో స్కేలుతో కొలిచి రాసుకుని, రెండు పంపులూ పట్టుకుని టౌన్‌లో ఒక షెడ్డుకు వెళ్లాను. పది నిమిషాల్లో తీసి, అదే కొలతకు కొత్తదాని మీద నొక్కి ఇచ్చారు. ఆ కొలత తప్పితే బెల్టు ఓరగా నడిచి నెల తిరక్కుండా తెగుతుంది. ఇంట్లో పని అంటే మొత్తం ఇంట్లోనే అవ్వాలని రూలేం లేదు కదా.

షెడ్డు కన్నా ఇల్లు మేలు అనిపించింది బిగించాక చేసే పనిలో. పాత పంపు అరిగిన ఇనుపపొడి పైపుల్లో, స్టీరింగ్ బాక్సులో, డబ్బా అడుగున అలాగే ఉంటుంది. దాన్ని కడగకుండా కొత్త పంపు వేస్తే ఆ పొడి తిరిగి వచ్చి కొత్తదాన్నీ గీకుతుంది. సీజన్‌లో షెడ్డు ముందు ఆరు బండ్లు లైనులో ఉంటాయి, మన బండికి అంత తీరిక ఎవరు పెడతారు? బామ్మర్ది బండికి ఆయిల్ నింపి, రెండుసార్లు తిప్పి, తాళం చెవి చేతిలో పెట్టారట. అతని పంపు మళ్లీ మూలగడానికి వాడినది తెచ్చి వేయడం ఎంత కారణమో, కడగని పైపులు అంత కారణం అని నా అనుమానం.

నేను చేసింది ఇది. ఆయిల్ తిరిగి డబ్బాలోకి వచ్చే పైపును విప్పి ఖాళీ సీసాలోకి వదిలాను, డబ్బా వైపు రంధ్రానికి బిరడా పెట్టాను. ముందు చక్రాలు గాల్లో ఉన్నాయి, ఇంజిన్ ఆఫ్. బామ్మర్ది స్టీరింగ్ ఆ చివరి నుంచి ఈ చివరికి నిదానంగా తిప్పుతుంటే నేను డబ్బాలో కొత్త ఆయిల్ పోస్తూ పోయాను. మొదట వచ్చింది కాటుక నీళ్లలా నల్లగా ఉంది, టార్చి వేస్తే అందులో సన్నటి వెండి మెరుపు. ఒక లీటరు పోయాక ఎర్రబడింది. అప్పుడు పైపు మళ్లీ బిగించాను. ఆయిల్ రెండు లీటర్లు తెచ్చుకోబట్టి సరిపోయింది. ఏ ఆయిల్ అన్నది డబ్బా మూత మీదో బండి పుస్తకంలోనో ఉంటుంది, మాదానికి ఏటీఎఫ్, ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో పోసే ఎర్ర ఆయిల్. చేతికి దొరికిందని బ్రేక్ ఆయిల్ మాత్రం పోయొద్దు, సీళ్లు ఉబ్బి మొత్తం పాడవుతుంది.

తర్వాత గాలి తీయడం. ఇంజిన్ వేయకుండానే ఇరవైసార్లు దాకా చివరి నుంచి చివరికి తిప్పాలి. డబ్బాలో బుడగలు వస్తూనే ఉంటాయి, మట్టం దిగుతూనే ఉంటుంది. మా బామ్మర్దికి పదోసారికే విసుగొచ్చింది.

"బావా, ఇంకెన్నిసార్లు? చేతులు పోతున్నయి."

"బుడగలు ఆగేదాకా తిప్పు. నీ బండికి ఇట్ల తిప్పలేదు కాబట్టే కదా..."

ఆ మాటతో ఇంకో పదిసార్లు తిప్పాడు. బుడగలు ఆగాక ఇంజిన్ స్టార్ట్ చేసి, ఐడిలింగ్‌లో మళ్లీ నిదానంగా తిప్పించాను. చివరికంటా తిప్పి అక్కడే అయిదు సెకన్లు దాటి పట్టి ఉంచకూడదు, పంపు మీద పూర్తి భారం పడుతుంది. ఎంత భారమంటే, వెనక టైర్లలో మనం యాభై, అరవై పౌండ్ల గాలి పెడితే ప్రెషర్ పైపులో వెయ్యి దాటుతుంది. అందుకే ఇంజిన్ నడుస్తుండగా లీకేజీ ఉందేమో అని ప్రెషర్ పైపును చేత్తో తడిమి చూడొద్దు. సూది మొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దిగిపోతుంది. ఒక అట్టముక్క దగ్గర పెట్టి చూస్తే చాలు, మరక పడుతుంది.

షెడ్డుకే వెళ్లాల్సినవి లేవా అంటే ఉన్నాయి. స్టీరింగ్ బాక్సు కారుతున్నా, ప్రెషర్ పైపు నట్టు విరిగినా, పంపు కొత్తదే అయినా స్టీరింగ్ ఇంకా బరువుగా ఉన్నా, గేజి పెట్టి ప్రెషర్ కొలిచేవాళ్ల దగ్గరికే పోవాలి. మళ్లీ కారితే వాళ్లే చూస్తారన్న భరోసా కూడా ఉంటుంది, ఆ మాట ముందే అడిగి ఉంచుకోవాలి. అన్నిటికన్నా పెద్ద కారణం, కోత మధ్యలో ఒక్క రోజు కూడా బండి ఆపలేనివాడు ఇంట్లో మొదలుపెట్టకూడదు. విప్పాక ఒక వాషర్ దొరక్క రెండు రోజులు బండి చెట్టు కిందే నిలిచిందంటే, మిగిల్చుకున్న కూలీ కన్నా ఎక్కువ కిరాయి బండికే పెట్టాలి. మేము మాత్రం ఆ రోజు లోడును పక్కింటివాళ్ల బండిలో పంపి, కోతకు రెండు రోజుల గ్యాప్ ఇచ్చి చేశాం. అయినా మొదటి రోజు సాయంత్రానికి అయిపోయింది.

కొత్త పంపుతో బాటసింగారం పోయి వచ్చాక మూత తీసి ఆయిల్ మట్టం చూశాను, కొద్దిగా దిగితే నింపాను, బెల్టు మరో పావు చుట్టు బిగించాను. కారిన పాత ఆయిల్ సీసాలోనే ఉంది, కాలువలోనో చెట్టు మొదట్లోనో పారబోయడానికి మనసు రాలేదు, సర్వీసింగు దుకాణంలో ఇచ్చేయాలి. బామ్మర్ది నిన్న ఫోన్ చేశాడు. అతని పంపు ఇప్పుడు ఖాళీ బండికి కూడా మూలుగుతోందట. "ఆదివారం తీసుకరానా బావా?" అన్నాడు. ముందు చక్రాలు లేపి ఇంజిన్ ఆపి తిప్పి చూసి, ఆ తర్వాత పంపు కొనమన్నాను.