కాంటనీస్ నుడికారాల కోర్సు కొనబోతున్నారా? ముందు నా నిమ్మకాయ కథ వినండి

ఉద్యోగం కోసం హాంకాంగ్ వచ్చాక, ఇక్కడివాళ్లు మాట్లాడే చైనా భాష కాంటనీస్‌లో రోజువారీ నుడికారాలు 300 నేర్పుతామన్న ఆన్‌లైన్ కోర్సుకు 480 హాంకాంగ్ డాలర్లు కట్టాను. మీరూ అలాంటిది కొనబోతుంటే కాస్త ఆగండి.

‘సిక్ నింగ్ ముంగ్’ అనే మాటను వాళ్లు హోటల్ పాఠంలో పెట్టి, ‘నిమ్మకాయ తినడం’ అని అర్థం రాశారు. మాటకు మాట చూస్తే అంతే. నేను టీ దుకాణంలో నిమ్మకాయ టీ కోసం అదే వాడాను. వడ్డించే ఆవిడ పగలబడి నవ్వింది. మనసుపడిన మనిషి చేత కాదనిపించుకోవడాన్ని ఇక్కడ అలా అంటారట! పక్కనున్న సహోద్యోగి చెబితే గానీ తెలియలేదు.

అదే పాఠంలో ‘చావ్ యావ్ యూ’ కూడా ఉంది. స్క్విడ్ అనే సముద్రజీవి వేపుడు అని రాసి ఊరుకున్నారు. ఉద్యోగం ఊడబెరకడం అన్న అర్థం ఊసే లేదు. పెనం మీద స్క్విడ్ ముక్క చుట్టచుట్టుకుపోతుంది. పని పోయినవాడు పక్కబట్టలు చుట్టుకుని వెళ్లడం గుర్తొచ్చి పుట్టిన మాట అది. మన పెట్టేబేడా సర్దుకోవడానికి దగ్గరి చుట్టం. ఇంత రుచి ఉన్న మాటను వంటకంగా వదిలేశారు.

‘తో చె’ను అన్నిటికీ వాడమన్నారు. అది బహుమతి అందుకున్నప్పటి ధన్యవాదం. ఎవరైనా తలుపు పట్టుకున్నా, టీ తెచ్చిపెట్టినా ‘మ్ గోయ్’ అనాలి.

అసలు మోసం మరొకటి. ఆ 300లో ఎక్కువ భాగం వీధిలో వినిపించే మాటలే కావు, నాలుగక్షరాల గ్రాంథిక సామెతలు. వాటిని కాంటనీస్ ఉచ్చారణతో చదివించారంతే. ఉచిత నమూనా పాఠంలోనే ఇది పట్టుకోవచ్చు. ‘కాదు’ అనడానికి ‘మ్ హై’ బదులు ‘పత్ సీ’, ‘అతను’కు ‘ఖోయ్’ బదులు ‘థా’ నేర్పుతుంటే అది పుస్తక భాష. మాటల పక్కన స్వరాల అంకెలు, అంటే పలికేటప్పుడు గొంతు ఎత్తుపల్లాలను చూపే అంకెలు, ఉన్నాయో లేదో కూడా చూడండి. ఆరు స్వరాల భాష ఇది. ‘సి’ ఒక స్వరంలో కవిత్వం, మరో స్వరంలో చరిత్ర, ఇంకో స్వరంలో కాలం. నా కోర్సులో ఒక్క అంకె లేదు.

డబ్బు తిరిగివ్వమని మూడుసార్లు రాశాను. చివరకు ఒక్క ముక్కలో జవాబొచ్చింది: ‘కా యావ్’. అంటే నూనె పొయ్యమని. అధైర్యపడకు, కానివ్వు అని భావం. వాళ్లు సందర్భానికి తగ్గట్టు వాడిన నుడికారం అదొక్కటే.