మా కాలనీ స్టీల్ బ్యాంకు: కంచాలకు ఫుల్ మార్కులు, గ్లాసుల దగ్గరే తేడా

మొన్న మా అన్నయ్య కూతురి ఓణీల ఫంక్షన్‌కి సామానంతా మా కాలనీ మహిళా సంఘం నడిపే స్టీల్ బ్యాంకు నుంచే తెచ్చాం, అంటే ఫంక్షన్లకు స్టీలు కంచాలు, గ్లాసులు అద్దెకిచ్చే చోటన్నమాట. ఎలా ఉందని వాట్సాప్‌లో ఒక్కొక్కరూ అడుగుతున్నారు కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే రాసేస్తున్నా.

బ్యాంకు అంటే ఆఫీసూ కౌంటరూ ఏమీ ఉండవు. కమ్యూనిటీ హాలు వెనక గది, గోనె సంచుల్లో కంచాలు, ఒక రిజిస్టరు, అంతే. సిద్దిపేటలో ఇలాంటివి వచ్చాయని, బెంగళూరులో అదమ్య చేతన అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు ప్లేట్ బ్యాంకు నడుపుతున్నారని విని మా వాళ్లూ మొదలుపెట్టారు. కంచం, గ్లాసు, చెంచా, చిన్న గిన్నె కలిపి సెట్టుకి మూడు రూపాయలు, డిపాజిట్ వేరే. షాపులో వాడి పారేసేవాటిల్లో కాస్త గట్టిగా ఉండే బఫే ప్లేటు ఒక్కటే అంతకన్నా ఎక్కువ పడుతోంది.

కంచాలు నిజంగా బాగున్నాయి. అరలున్నవి, సాంబారు వెళ్లి స్వీటులో కలవదు. చదివింపుల గిన్నెల మీద పేర్లు కొట్టిస్తామే, అలా ప్రతి కంచం వెనకా చుక్కల అక్షరాలతో సంఘం పేరు కొట్టించారు, కాబట్టి కేటరింగ్ వాళ్ల సామానులో కలిసిపోతాయన్న భయం లేదు. కానీ బరువు. బఫేలో నిలబడి తినాలంటే పెద్దవాళ్లకు చెయ్యి లాగేస్తుంది, అందుకే మేం సగం మందికి బల్లలు వేసి వడ్డించాం. గ్లాసులు మాత్రం చిన్నవి, పైగా చాల్లేదు, మజ్జిగ టైముకి పక్కింటికి పరిగెత్తాల్సి వచ్చింది. చెంచాల లెక్క తప్పింది. పోయినవాటికి డబ్బులిచ్చేస్తానంటే రిజిస్టరు చూసే ఆవిడ "డబ్బులు నేనేం చేసుకోనన్నా, నాకు చెంచాలు కావాలి, ఎల్లుండి ఇంకో ఫంక్షనుంది" అంది. ఆ పట్టుదలే ఈ బ్యాంకును నిలబెడుతోందని నా నమ్మకం.

అసలు సంగతి అంట్లు. మీరు తోమి తిరిగిస్తే సరే, లేదంటే సంఘం వాళ్లే ఇద్దరు మనుషుల్ని పంపిస్తారు, వాళ్ల కూలి విడిగా ఇవ్వాలి. ఎంగిలి దులపడానికి ఒక తొట్టి, సబ్బు నీళ్లకు ఒకటి, చివర కడగడానికి ఒకటి, పని చకచకా అయిపోతుంది. దయచేసి ఆ కూలి దగ్గర బేరాలాడకండి. మగవాళ్లంతా హాల్లో కూర్చుని పర్యావరణం గురించి మాట్లాడుతుంటే రాత్రి పదకొండింటికి వదినలూ అత్తలూ పెరట్లో కంచాలు తోముతుంటే, దాన్ని మార్పు అనడానికి నాకు నోరు రాదు. కేటరింగ్ మాట్లాడుకునేటప్పుడే అంట్లు ఎవరివో తేల్చేసుకోండి, మా కేటరింగ్ అతను ఆఖరి నిమిషంలో "అది మా పని కాదు సార్" అనేశాడు.

"ఇంత టెన్షన్ ఎందుకు, పేపర్ ప్లేట్లు తెస్తే పోయేది కదా" అన్నాడు మా బావ. ఆ పేపర్ ప్లేటు మీద వేడి సాంబారు పోసినా కారదంటే పైన ప్లాస్టిక్ పొర ఉండబట్టే. 2022 జులై 1 నుంచి కేంద్రం నిషేధించిన జాబితాలో ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు ఉన్నాయి గానీ ఈ పూత కాగితం సరుకు పేరు లేదు, అందుకే షాపుల్లో దర్జాగా అమ్ముతున్నారు. తమిళనాడు 2019 జనవరిలోనే వీటినీ నిషేధించింది. మన దగ్గర ఫంక్షన్ అయిన మర్నాడు వీధి చివర కాలేది ఎక్కువగా ఇవే.

ఎండాకాలంలో ట్యాంకరు నీళ్ల మీద బతికే కాలనీలైతే మాత్రం స్టీలు కోసం పట్టుపట్టకండి, మోదుగాకు విస్తర్లో అడ్డాకులో తెచ్చుకోవడం మేలు. కొనేముందు తిరగేసి చూడండి, పైన ఆకు, కింద ప్లాస్టిక్ పొర అతికించి మిషను మీద ప్రెస్ చేసినవి కూడా ఆకు ప్లేట్లేనని అమ్ముతున్నారు.

నా మార్కులు 5కి 4. ఆ ఒక్కటీ గ్లాసుల కోసం తగ్గించా, ఈసారి పెద్దవి కొంటామన్నారు, చూడాలి. శ్రావణంలో ముహూర్తాలున్నవాళ్లు ఇప్పుడే వెళ్లి పేరు రాయించుకోండి, ఒకే రోజు రెండు ఫంక్షన్లు పడితే ముందు రాయించుకున్నవాళ్లకే ఇస్తారు, చుట్టరికం చెప్పినా ఆవిడ వినదు.