జైలిటాల్: టీలోకి సరే, పాకానికి పనికిరాదు

షాపులో కూర్చునేవాడికి టీలు ఆగవు. పళ్లకు అసలు చేటు అక్కడే. ఎంత తీపి తిన్నామన్నదానికన్నా ఎన్నిసార్లు నోట్లో పడిందన్నదే ముఖ్యమని పళ్ల డాక్టరుగారు చెప్పారు. పంచదార తగలగానే నోట్లోని బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మారుస్తుంది, పీహెచ్ (ఆమ్లం కొలత, ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ) 5.5 కిందికి దిగితే ఎనామిల్, అంటే పంటి పైపొర, కరగడం మొదలవుతుంది. అందుకే పంచదార బదులు జైలిటాల్ అనే తీపి పదార్థం మొదలుపెట్టాను. దీన్ని మాత్రం పళ్లు పుచ్చేలా చేసే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే బ్యాక్టీరియా లోపలికి తీసుకున్నా ఆమ్లం చేయలేదు. 1970లలో ఫిన్లాండ్‌లోని టుర్కులో దీని మీద పరిశోధన జరిగాకే పేరొచ్చింది.

టీలో తేడా తెలియదు. తీపి పంచదారంతే, చేదు వెనకరుచి లేదు. గ్రాముకు కేలరీలు 4కు బదులు 2.4. అంటే సున్నా కాదు, షుగర్ ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాలి.

పొడిగా తింటే కథ వేరు. మా ఆవిడ మిక్సీలో పొడి చేసి సున్నుండలు చుట్టింది. నెయ్యి, మినుముల కమ్మదనం వెనకే నాలుక చల్లబడింది. ఒకటి తిన్న మా అత్తగారు "ఇందులో కర్పూరం వేశావే?" అని అడిగారు. లాలాజలంలో కరిగేటప్పుడు వేడిని లాక్కుంటుంది, అందుకే ఆ చల్లదనం. పెరుగులో బాగుంటుంది, ఉండల్లో నాకు నచ్చలేదు. ఇక పాకం ఆశ వదులుకోండి, పంచదారలా ఎర్రబడి కారమెల్ అవదు.

మొదట్లో కడుపు ఉబ్బరం, ఎక్కువైతే విరేచనాలు. కొద్దికొద్దిగా పెంచుకుంటే సర్దుకుంది. ధర మాత్రం పంచదారకు ఎన్నోరెట్లు, దానికి సర్దుకోలేం.

పని చేసిందా అంటే, కొత్తగా పుచ్చు రాలేదు. కానీ అప్పుడే రాత్రిపూట బ్రష్ కూడా అలవాటు చేసుకున్నాను, పుణ్యం దేనిదో చెప్పలేను. వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2015 సమీక్ష కూడా ఆధారాలు బలంగా లేవనే అంది. ఫ్లోరైడ్ పేస్టులో జైలిటాల్ కలిస్తే పిల్లల్లో పుచ్చు 13 శాతం దాకా తగ్గవచ్చని చెప్పింది, అదీ బలహీనమైన ఆధారంతోనే. కాబట్టి ఫ్లోరైడ్ పేస్టు మానేసి దీన్ని నమ్ముకోకండి. "షుగర్‌లెస్" బిస్కెట్లనూ నమ్మకండి, పంటికి అంటుకున్న మైదా కూడా ఆమ్లమే అవుతుంది.

చూయింగ్ గమ్ కొనేటప్పుడు వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చూడండి, చాలావాటిలో ముందుండేది సార్బిటాల్ అనే వేరే తీపి పదార్థమే. ఇంట్లో కుక్క ఉంటే డబ్బా పై అరలో పెట్టండి. కొంచెం తిన్నా దాని రక్తంలో చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.